చెన్నపట్నం పేర్లలో మన మగ్గం

నెల్లూరు, చిత్తూరు వైపు పల్లెల్లో ఒకప్పుడు "పట్నం పోయొస్తా" అంటే ఏ పట్నమని ఎవరూ అడిగేవాళ్లు కాదు. అది చెన్నపట్నమే. దొరల కాగితాల్లో మద్రాసు, తమిళుల నోట చెన్నై, మన నోట చెన్నపట్నం. ఒకే ఊరికి ఈ మూడు పేర్లూ చాలాకాలం పక్కపక్కనే నడిచాయి.

1996లో తమిళనాడు ప్రభుత్వం మద్రాసు అన్న పేరు తీసేసి, చెన్నై అన్నదాన్నే అధికారికం చేసింది. ఇంగ్లీషు పేరు పోయి తమిళ పేరు వచ్చిందని అప్పుడు చాలామంది అనుకున్నారు. ఇప్పటికీ అలాగే అనుకునేవాళ్లు ఉన్నారు. అసలు సంగతి అంత తేలిక కాదు. చెన్నై అన్న మాట వెనక ఒక తెలుగు నాయకుడి తండ్రి పేరుంది. మద్రాసు అన్న మాట కూడా దొరలు ఓడలో తెచ్చింది కాదు. ఈ పేర్లను నోటినోటా బతికించిన జనంలో నేతగాళ్లున్నారు. ఎందుకంటే ఆ ఊరు పుట్టిందే గుడ్డ కోసం. అందుకే మన సంఘం సంచికలో ఈ కథ చెప్పుకోవాలి.

గుడ్డ కోసం వెతికిన తీరం

ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లోనే మచిలీపట్నంలో దుకాణం తెరిచింది. అక్కడ గోల్కొండ అధికారుల ఒత్తిడి, డచ్చివాళ్ల పోటీ ఎక్కువ. అందుకని 1626లో నెల్లూరు వైపు తీరంలోని దుర్గరాజపట్నంలో ఇంకో మకాం పెట్టారు. దాన్ని వాళ్లు ఆర్మగాం అన్నారు. అక్కడ కూడా మంచి గుడ్డ తగినంత దొరకలేదు. ఆ మకాం చూసుకునే ఫ్రాన్సిస్ డే అనే దొర, ఇంకా దక్షిణానికి వెతుక్కుంటూ వచ్చాడు.

ఆయన ఎంచుకున్న చోటు చూస్తే మొదట ఆశ్చర్యమేస్తుంది. ఓడలు ఆగడానికి రేవు లేదు. అలలు విరుచుకుపడే ఇసుక తీరం. ఓడను దూరంగా నిలిపి, సరుకునీ మనుషుల్నీ మసూలా పడవల్లో ఒడ్డుకు చేర్చాల్సిందే. ఉత్తరాన పులికాటులో డచ్చివాళ్లు, దక్షిణాన శాంథోంలో పోర్చుగీసువాళ్లు. ఇలాంటి చోట ఎవరైనా కోట కడతారా?

డే కట్టాలన్నాడు. కారణం గుడ్డ. ఇక్కడ మంచి లాంగ్‌క్లాత్ మిగతా చోట్లకంటే సుమారు 20 శాతం చౌకగా దొరుకుతుందని పైవాళ్లకు చెప్పాడు. అంటే చుట్టుపక్కల ఊళ్లలో అప్పటికే మగ్గాలు నిండుగా ఆడుతున్నాయన్నమాట. రేవు లేకపోయినా ఫరవాలేదు, మగ్గం ఉంటే చాలని కంపెనీ మనుషులు అనుకున్నారు.

1639లో ఆ నేల మీద అధికారం ఉన్న దామెర్ల వెంకటాద్రి నాయకుడు కంపెనీకి పట్టా ఇచ్చాడు. ఏటా ఆగస్టు 22న చెన్నైలో మద్రాసు దినం జరుపుకునేది దీన్ని తలుచుకునే. డే దొరకు దుబాసిగా ఉండి ఈ బేరం నడిపిన బేరి తిమ్మప్ప కూడా తెలుగువాడే. 1640 ఫిబ్రవరిలో డే, అతని పైఅధికారి ఆండ్రూ కోగన్ కొద్దిమంది సిపాయిలతో దిగి కోట పని మొదలెట్టారు. అదే సెయింట్ జార్జి కోట. ఖర్చు చూసి లండన్‌లోని కంపెనీ పెద్దలు గొణుక్కున్నారు కూడా.

కోట గోడలు లేస్తుండగానే కంపెనీ ఒక చాటింపు వేయించింది. ఇక్కడికొచ్చి కాపురం పెట్టినవాళ్లకి 30 ఏళ్లపాటు పన్నులుండవు. దాంతో మొదటి ఏడాది తిరిగేసరికే 300 నుంచి 400 దాకా నేత కుటుంబాలు వచ్చి చేరాయి. కోట పూర్తికాకముందే పడుగులు పరుచుకున్నాయి. కోటకు రాళ్లు మోసినవాళ్లు ఎందరున్నా, ఊరికి ప్రాణం పోసిన మొదటి జనంలో నేతగాళ్లున్నారు. ఈ మాట మన పిల్లలకు చెప్పాలి.

చెన్నప్ప ఎవరు?

పట్టా ఇచ్చిన వెంకటాద్రి నాయకుణ్ణి వెంకటప్ప అని కూడా అంటారు. విజయనగరం చివరి రోజుల్లో, చంద్రగిరి నుంచి పాలించిన అరవీటి రాయల కింద వందవాసి, కాళహస్తి ప్రాంతాల్లో ఈ దామెర్లవారు పెత్తనం చేశారు. వెంకటాద్రి సోదరుడు అయ్యప్ప నాయకుడు పూందమల్లిలో ఉండి, తీరం వ్యవహారాలు చూసేవాడు. వీళ్ల తండ్రి దామెర్ల చెన్నప్ప నాయకుడు. కోట చుట్టూ పుట్టే కొత్త ఊరికి తండ్రి పేరుండాలని కొడుకులు కోరుకున్నారు. అలా వచ్చిందే చెన్నపట్నం.

ఇది చెవినబడ్డ కథ మాత్రమే కాదు. ఇంటివాళ్ల సాక్ష్యమే ఉంది. చెన్నప్ప కొడుకుల్లో అంకభూపాలుడు తెలుగు కవి. ఆయన ఉషాపరిణయం అనే కావ్యం రాశాడు. అందులో తన వంశం గురించి చెబుతూ, తన సోదరుడు అయ్యప్ప ప్రళయకావేరికీ మైలాపూరుకీ నడుమ తండ్రి పేరిట చెన్నపట్నం కట్టించాడని చెప్పుకున్నాడు. ప్రళయకావేరి అంటే మన పులికాటే. అక్కడి డచ్చివాళ్లూ, మైలాపూరు పక్కనే ఉన్న పోర్చుగీసువాళ్లూ ఒకరి మీద ఒకరు పడకుండా మధ్యలో ఒక ఊరు నిలబెట్టడం ఆ నాయకుల ఎత్తుగడ. కంపెనీకి కావాల్సింది గుడ్డ, నాయకులకి కావాల్సింది తీరంలో నెమ్మది, కొడుకులకి కావాల్సింది తండ్రి పేరు. మూడూ ఒకే ఊరిలో కుదిరాయి.

ఇంకో వాదన కూడా ఉంది. పాత ఊళ్లో చెన్నకేశవ పెరుమాళ్ గుడి ఉండేది, ఆ స్వామి పేరే ఊరికి వచ్చిందని కొందరంటారు. 1757లో కోట చుట్టూ ఖాళీ చెయ్యాలని ఆ గుడిని పడగొట్టారు. తర్వాత వేరేచోట చెన్నకేశవ, చెన్నమల్లీశ్వర గుళ్లు జంటగా కట్టారు. జార్జిటౌన్‌లో ఈ రోజుకీ వాటిని చూడొచ్చు. కాళికాంబాళ్ అమ్మవారి పేరు నుంచి వచ్చిందనేవాళ్లూ ఉన్నారు. దేవుడి పేరు కాదనడానికి మనకు నోరు రాదుగానీ, ఊరు కట్టినవాళ్ల ఇంట్లోనే రాసిపెట్టుకున్న మాటకు బలం ఎక్కువ.

రెండు వాదనల్లోనూ ఉన్న మాట మాత్రం ఒకటే: చెన్న. తెలుగులో చెన్ను అంటే అందం. చెన్నొందడం అంటే శోభిల్లడం. కన్నడంలోనూ చెన్న అంటే బాగున్నది, అందమైనది. మాచర్లలో చెన్నకేశవుడు, కర్ణాటకలో బేలూరులో చెన్నకేశవుడు. మన ఇళ్లల్లో చెన్నయ్య, చెన్నమ్మ, చెన్నప్ప అన్న పేర్లు ఎన్ని లేవు! ఆ పాత మాటే తమిళుల నోట పొట్టిదై, చివర ఐకారం తొడుక్కుని చెన్నై అయింది. మన నోట పట్నం తోకతో చెన్నపట్నంగా మిగిలింది. రెండూ ఒకే మాటకి రెండు ఉచ్చారణలు.

మద్రాసు మాటేమిటి?

మద్రాసు అన్నది ఇంగ్లీషు పేరని అనుకోవడం పొరపాటు. డే దొర రాకముందే అక్కడ మదరాసపట్నం అనే చిన్న ఊరుండేది. 1639 నాటి పట్టాలోనే ఆ ఊరి పేరుంది. ఆ మాట ఎలా వచ్చిందో రకరకాలుగా చెబుతారు. మదరాసన్ అనే జాలరి పెద్ద అరటితోట కంపెనీకి కావాల్సి వచ్చిందని, ఊరికి నీ పేరే పెడతామని ఒప్పించారని ఒక కథ. మదరసా నుంచి వచ్చిందని ఒకరు, పోర్చుగీసు కుటుంబం పేరు నుంచి వచ్చిందని మరొకరు.

వీటికన్నా గట్టి ఆధారం రాతి మీద ఉంది. విజయనగర కాలం నాటి 1367వ సంవత్సరపు శాసనం ఒకటి తూర్పు తీరపు రేవుల్ని చెబుతూ మాదరసనపట్టణం అన్న పేరు కూడా చెప్పింది. పోర్చుగీసువాళ్లు ఈ దేశం రావడానికి వందేళ్లకు పైగా ముందు, ఇంగ్లీషువాళ్లు రావడానికి దాదాపు 270 ఏళ్లకు ముందు! అంటే మద్రాసు కూడా ఈ మట్టిలో పుట్టిన పేరే. దొరలు దాన్ని తమ నాలుకకు తగ్గట్టు కత్తిరించుకున్నారంతే.

ఉత్తరాన మదరాసపట్నం, దక్షిణాన కోటను ఆనుకుని చెన్నపట్నం. రెండింటి మధ్య ఖాళీ నేలలో ఇళ్లు నిండి ఒకే ఊరైంది. ఆ కలిసిన ఊరిని దొరలు ఒక పేరుతో పిలిచారు, జనం ఇంకో పేరుతో పిలుచుకున్నారు.

రాయలవారి పేరు నిలవలేదు

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. వెంకటాద్రి పట్టా ఇచ్చిన కొన్నేళ్లకు విజయనగర సింహాసనం శ్రీరంగరాయలకు వచ్చింది. 1645లో ఆయన కంపెనీకి కొత్త పట్టా ఇచ్చాడు. అందులో ఈ ఊరిని మా శ్రీరంగరాయపట్నం అన్నాడు. రాజాజ్ఞ, రాజముద్ర, అన్నీ ఉన్నాయి. కానీ ఆ పేరు ఎవరికైనా గుర్తుందా? కాగితంలోనే పుట్టి కాగితంలోనే పోయింది.

రాజు పెట్టిన పేరు పోయి, ఒక సామంతుడి తండ్రి పేరు ఎలా నిలిచింది? పేరు నిలవాలంటే దాన్ని రోజూ పలికే నోళ్లు కావాలి. గుడ్డలు మోసుకొచ్చే బేరగాళ్లు, చలువ చేసే చాకళ్లు, కంపెనీ వర్తకుల దగ్గర బయానా తీసుకునే సాలెలు, పడవలు నడిపే పట్టపువాళ్లు, వీళ్లందరూ చెన్నపట్నం అన్నారు. అదే నిలిచింది. 1830లో కాశీయాత్రకు బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో పెద్ద ఉద్యోగి. ఇంగ్లీషు బాగా వచ్చినవాడు. అయినా తన యాత్రాచరిత్రలో ఆ ఊరిని ఆయన చెన్నపట్టణమనే రాసుకున్నాడు. కోర్టులో ఏమన్నా, సొంత భాషలో ఊరికి సొంత పేరే.

పేటల పేర్లలో మగ్గం

పెద్ద పేరు సంగతి అలా ఉంచి, చిన్న పేర్లు చూడండి. మనకు దగ్గరి చుట్టాలు అక్కడే ఉన్నారు.

చింతాద్రిపేట. ఈ పేరు వినగానే తెలుగువాడికి చింతచెట్టో, అద్రి అంటే కొండో గుర్తొస్తుంది. అక్కడ కొండ లేదు. కూవం నది వంపులో ఉన్న చదును నేల అది. అసలు మాట చిన్న తరి పేట్టై. తమిళంలో తరి అంటే మగ్గం. చేనేతను వాళ్లు కైత్తరి అనేది అందుకే. చిన్న మగ్గాల పేట అన్నమాట. 1734లో జార్జి మార్టన్ పిట్ గవర్నరుగా ఉన్నప్పుడు, గుడ్డ సరఫరా పెంచుకోవడానికి కంపెనీ ఈ పేట వేసింది. అంతకుముందు అది సుంకు రామ శెట్టి అనే పెద్ద వర్తకుడి తోట. అక్కడ కాపురం ఉండేవాళ్లు ఎవరో కూడా ముందే నిర్ణయించారు: నేసేవాళ్లు, వడికేవాళ్లు, అద్దకం పనివాళ్లు, చలువ చేసేవాళ్లు, గుడి సేవకులు. దారం దగ్గర్నుంచి తానుదాకా పని అంతా ఒకే చోట సాగే ఊరు. ఈ రోజు అక్కడ మగ్గం చప్పుడు వినబడదు. పట్టణ రైలు ఆగే స్టేషన్ బోర్డు మీద మాత్రం మగ్గం ఉంది, చదవగలిగినవాళ్లకి.

కాలాడిపేట. ఇది ఉత్తరాన తిరువొత్తియూరు దగ్గరుంది. తమిళంలో కాలడి అంటే పాదం, అడుగుజాడ. అక్కడ ఏ స్వామి పాదమో పడిందని కొత్తవాళ్లు అనుకుంటారు. నిజానికి 1717 నుంచి 1720 వరకూ గవర్నరుగా ఉన్న జోసెఫ్ కొల్లెట్ నేతగాళ్ల కోసం వేసిన ఊరిది. కొల్లెట్ పేట జనం నోట నలిగి కాలాడిపేట అయింది. దొర తన పేరు శాశ్వతంగా ఉంటుందనుకున్నాడు. మగ్గం ముందు కూర్చున్నవాళ్లు దాన్ని తమ మాటగా మార్చేసుకున్నారు.

వణ్ణారపేట. వాషర్‌మెన్‌పేట అని దొరలు రాసింది దీన్నే. నేసిన గుడ్డ మగ్గం దిగగానే ఓడ ఎక్కదు. గంజి వదిలించాలి, ఉతకాలి, ఎండబెట్టాలి, తెల్లగా చలువ చెయ్యాలి. ఎగుమతి తానుల్ని చలువ చేసిన చాకళ్ల పేట ఇది. మన గుడ్డకు వాళ్ల చెయ్యి పడకపోతే విలువ లేదు. ఊరి చరిత్రలో మన పక్కన వాళ్ల పేరూ రాయాల్సిందే.

ఇక పెద్దనాయకన్‌పేట. ఊరి కావలి వంశపారంపర్యంగా చేసిన పెద్దనాయకుల పేరు. దాని పక్కనే ముత్యాలపేట. ఈ రెండు పేటలూ కలిసిందే ఇప్పటి జార్జిటౌన్. పైన జార్జి అని ఉన్నా, కింద పొరలో పెద్ద, ముత్యం అన్న మాటలే ఉన్నాయి.

గుడ్డ మీద ఊరి పేరు

ఊరి పేరులో మగ్గం ఉన్నట్టే, మగ్గం దిగిన గుడ్డ మీద ఊరి పేరు కూడా ఎక్కింది. గళ్ల గుడ్డని ప్రపంచమంతా మద్రాస్ అంటుంది. రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్ అన్న పేరుతో పడమటి ఆఫ్రికాకు ఓడలెక్కిన రుమాళ్లు నేసింది చీరాల చుట్టుపక్కల మనవాళ్లు. నైజీరియాలోని కలబారి ప్రజలు ఆ గుడ్డని ఇంజిరి అంటారు. పుట్టిన బిడ్డకు చుట్టేదీ అదే, పోయినవాళ్ల గది అలంకరించేదీ అదే. చీరాల నేతగాడి పేరు అక్కడ ఎవరికీ తెలియదు. అతని గుడ్డకు పట్నం పేరు పెట్టారు, పట్నానికి చెన్నప్ప పేరు పెట్టారు. నేసినవాడి పేరు మాత్రం ఎక్కడా పెట్టలేదు.

ఊరు ఎవరిది?

ఈ చరిత్ర చెప్పగానే కొందరికి "అయితే మద్రాసు మనదే కదా" అనిపిస్తుంది. 1952, 53లో ఆ నినాదం గట్టిగానే మోగింది. పొట్టి శ్రీరాములుగారు మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారి ఇంట్లో నిరాహారదీక్ష చేసి, 1952 డిసెంబర్ 15న ప్రాణం విడిచారు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. పట్నం రాలేదు. ఆ బాధ ఆ తరానికి చివరిదాకా ఉండిపోయింది.

ఇన్నేళ్ల తర్వాత కాస్త నిదానంగా చూడాలి. మైలాపూరు, తిరువల్లిక్కేణి, తిరువొత్తియూరు చెన్నప్పకు ఎన్నో వందల ఏళ్ల ముందునుంచీ ఉన్న తమిళ ఊళ్లు. ఆ నేల తమిళ నేల. దాని మీద పరిచిన కొత్త పట్నానికి తెలుగు తండ్రి పేరొచ్చింది. పేటకు తమిళ మగ్గం పేరొచ్చింది. పడుగు ఒకరిది, పేక ఇంకొకరిది. నేసిన తానులోంచి పేకని లాగేస్తే పడుగు కూడా నిలవదు. పేరు మనదని తెలుసుకోవడం హక్కుల తగాదా కోసం కాదు. తమిళనాడులో నాలుగైదు తరాలుగా ఉంటున్న మన పిల్లల్ని ఎవరైనా "మీరెక్కణ్ణుంచి వచ్చారు" అని అడిగితే తల దించుకోకుండా జవాబు చెప్పడానికి. ఊరితోపాటే వచ్చామని, ఊరు పేరులోనే ఉన్నామని.

మన పేర్లు మనమే రాసుకోవాలి

చెన్నపట్నం ఒక్కటే కాదు. ముంబయిలో కామాఠీపురం అన్న పేరు అక్కడికి పనికోసం వెళ్లిన తెలుగు కామాఠీలది. భివండిలో పద్మనగర్ మన పద్మశాలీలది. షోలాపూరులో, బరంపురంలో, బెంగళూరులో, యానాంలో మన సందులకీ, గుళ్లకీ, బావులకీ మనవాళ్లు పెట్టుకున్న పేర్లెన్నో ఉన్నాయి. వాటిలో చాలావాటికి చెన్నప్పలాంటి అదృష్టం పట్టదు. ఏ కవీ వాటిని కావ్యంలో రాయలేదు. మునిసిపాలిటీ కొత్త బోర్డు పెట్టిన రోజున పాత పేరు పోతుంది. ఆ పేరు తెలిసిన ఆఖరి పెద్దమనిషి కన్నుమూసిన రోజున ఆ పేరు వెనక కథ కూడా పోతుంది.

అందుకని మన సంఘాల యువకులకు ఒక మనవి. మీ ఊళ్లో నేత వీధిని మీ తాతలు ఏమని పిలిచేవారో అడిగి రాసుకోండి. ఏ ఊరినుంచి, ఎవరి వెంట, ఏ గుడ్డ నెయ్యడానికి వచ్చారో అడగండి. వాళ్లు చెప్పేది వాళ్ల గొంతులోనే ఫోనులో రికార్డు చెయ్యండి. ఇంట్లో పాత పట్టాలు, పద్దుపుస్తకాలు, సంఘం రసీదులు ఉంటే ఫోటో తీసి దాచండి. అందులో వీధి పేరు, మగ్గాల లెక్క, తానుల రకాలు ఉంటాయి. మూడువందల ఏళ్ల తర్వాత మన మనవళ్ల మనవలకు అదే ఉషాపరిణయం.

చింతాద్రిపేటలో మగ్గం ఆగిపోయింది. పేరు ఆగలేదు. మన పేటల్లో ఇంకా ఎక్కడో ఒకచోట నాడె ఆడుతూనే ఉంది. అది ఆడుతుండగానే ఆ పేర్లు రాసుకుందాం.